ముప్పైమూడు బూరెల వియ్యం

భీమశంకరానికి జీవితంలో జరిగిన అన్యాయాలన్నిటినీ వరసలో నిలబెడితే కాకినాడ పోర్టు దగ్గర మొదలై సామర్లకోట స్టేషను దాటి పోతుంది. ఆ వరసలో అందరికన్నా ముందు నిలబడాల్సింది మాత్రం ఒకే ఒక్క సెంటీమీటరు.

భీమశంకరం నడుము తొంభైరెండు సెంటీమీటర్లు. అతని తోడల్లుడు హెండ్రిక్ నడుము తొంభైమూడు. ఇద్దర్నీ కొలిచింది భీమశంకరమే. కొలిచాక, తన పేరు పక్కన 'ప్రమాదం' అనీ హెండ్రిక్ పేరు పక్కన 'ఫరవాలేదు' అనీ తన చేత్తోనే రాయాల్సి వచ్చింది. పొట్ట ఎక్కువున్నవాడు ఆరోగ్యవంతుడు, తక్కువున్నవాడు రోగి. ఇలాంటి తీర్పు పంచాయితీలో చెబితే కుర్చీలు లేచేవి. పరిశోధనాలయం కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఇదేం లెక్కండీ అని ఆ పరిశోధనాలయం నడిపే డాక్టర్ శమంతకమణిని అడిగాడు. ఆవిడ బల్ల మీద రెండు టేపులు పరిచింది. మనవాళ్ళ టేపు మీద ఎర్రగీత తొంభై దగ్గరుంది. యూరపువాళ్ళ టేపు మీద తొంభైనాలుగు దగ్గరుంది. మనవాళ్ళలో చాలామందికి కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉన్నా, ఉన్న కొవ్వంతా లోపలికి పోయి కాలేయం చుట్టూ కూర్చుంటుందనీ, అందుకే తక్కువ పొట్టకే గుండెకి ఎక్కువ ముప్పనీ చెప్పింది.

"అయితే టేపుక్కూడా కులం పట్టింపు ఉందన్నమాటండి," అన్నాడు భీమశంకరం.

"పట్టింపు టేపుది కాదు శంకరం గారూ. మీ తాతలు కరువులు చూశారు. మళ్ళీ కరువొస్తుందనుకుని మీ ఒళ్ళు ఇంకా దాస్తూనే ఉంది," అంది డాక్టరు.

భీమశంకరం తాత కరువు చూశాడో లేదో గానీ భీమశంకరం మాత్రం జగన్నాథపురం వంతెన దిగగానే బట్టలు కుట్టే కొట్టు పెట్టుకున్న దర్జీ. పరిశోధనాలయంలోకి దర్జీ ఎలా వచ్చాడంటే, అక్కడి డాక్టర్లు ఒకే మనిషిని మూడుసార్లు కొలిచి మూడు నడుములు రాసేవారు. మనిషన్నవాడు టేపు చూడగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడు. ఇరవై ఏళ్ళుగా పెళ్ళికొడుకులకి ప్యాంట్లు కుడుతున్నవాడి దగ్గర ఆ ఆటలు సాగవు. భీమశంకరం టేపు చుట్టి, "మీ మావగారు బాగున్నారాండీ" అని అడుగుతాడు. జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాలి. వదిలిన క్షణాన అసలు నడుము బయటికొస్తుంది. ఈ పద్ధతితో అతను ఫిలిప్పీన్స్ ఓడవాళ్ళనీ, నైజీరియా నుంచి ఇంజనీరింగు చదవడానికొచ్చిన కుర్రాళ్ళనీ, స్వెట్టర్లమ్మే టిబెట్‌వాళ్ళనీ, రంపచోడవరం కొండల నుంచి దిగిన కొండరెడ్లనీ కొలిచాడు. భాష రానివాళ్ళని కూడా మావగారి గురించే అడిగేవాడు. వాళ్ళూ ఊపిరి వదిలేవారు.

జీతం సరే, అతను అక్కడ చేరడానికి అసలు కారణం వేరే ఉంది. భీమశంకరం తండ్రి నలభైనాలుగో ఏట, కత్తెర చేతిలో ఉండగానే, గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. అన్న నలభైఆరు దాకా లాగాడు, అదీ మొండితనం వల్ల. ఇప్పుడు భీమశంకరానికి నలభైమూడు. రక్తంలో కొవ్వు మూడువందల పది. భార్య మాణిక్యం రెండేళ్ళుగా గోడ మీద కేలండరు కాగితం తిప్పిన ప్రతిసారీ పైకేమీ అనకుండా పెదాలు కదిపి ఏదో లెక్కపెట్టుకుంటోంది. ఆ లెక్క ఏమిటో అతనికి తెలుసు. తెలిసినట్టు కనపడడు.

డాక్టర్ శమంతకమణి కనిపెట్టిన యంత్రానికి ఇంగ్లీషులో పదకొండు మాటల పేరుంది. ఆ పేరు పూర్తిగా పలికేలోపు మధ్యలో ఒకసారి టీ తాగాల్సి వచ్చేది. అందుకని అందరూ దాన్ని 'వియ్యం' అనేవారు. పని కూడా అలాంటిదే. రెండు వేరు వేరు జాతుల వాళ్ళని తీసుకుని, ఒకరి కణాల నుంచి పెంచిన మెంతిగింజంత ముద్దని రెండోవారి పక్కటెముకల కింద పెడతారు. చేతికి కడియం వేస్తారు. ఆ రెండు కడియాలూ ఫోను టవర్ల మీదుగా ఊసులాడుకుంటూ ఉంటాయి. ఒకరు తింటే రెండోవారి ఒళ్ళు కూడా తిన్నట్టే పని మొదలుపెడుతుంది. ఒకరు నడిస్తే రెండోవారి కొవ్వు కూడా కరుగుతుంది. మోత బరువు సగం సగం. గుండెకి బోలెడు వెసులుబాటు ఉన్న ఒంటి నుంచి, వెసులుబాటు లేని ఒంటికి కొంత అరువు.

ఎవరికెవరు వియ్యమో ఎవరికీ చెప్పరు. తెలిస్తే ప్రయోగం పాడవుతుంది. చుట్టాల్ని మాత్రం కలపకూడదని నియమం. అందుకని ఫారంలో, ఈ ప్రయోగంలో మీ చుట్టాలెవరైనా చేరారా అని అడిగి, తండ్రి, తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, భార్యాభర్తలు అని గడులు పెట్టారు. తోడల్లుడన్న చుట్టరికానికి గడి లేదు. భీమశంకరం అన్నిట్లో 'లేరు' అని రాశాడు. ఆ వారమే పోర్టులో ఇసుక తవ్వే ఓడ మీద ఇంజనీరుగా ఉన్న హెండ్రిక్ కూడా తన ఓడవాళ్ళతో కలిసొచ్చి అదే రాశాడు. ఇంకో నియమం కూడా ఉంది. ఇద్దరూ మితంగా తినాలి, విందు భోజనాలకి పోకూడదు, పోవాల్సొస్తే ముందుగా కబురు చెయ్యాలి. భీమశంకరం దాని మీద చదవకుండా సంతకం పెట్టాడు. హెండ్రిక్ చదివి పెట్టాడు.

ఇక్కడ హెండ్రిక్ గురించి చెప్పాలి. అతను హాలెండువాడు. ఆరడుగుల మూడంగుళాలు. పోర్టు ఆఫీసులో పనిచేసే హైమని, అంటే మాణిక్యం చెల్లెల్ని, ఏడాది క్రితం పెళ్ళి చేసుకున్నాడు. తెలుగు పోర్టు కూలీల దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి ప్రతి మాటకీ 'ఆయ్' అంటాడు. అతని ముత్తాతలకి ముత్తాతలు మూడొందల ఏళ్ళ కిందట జగన్నాథపురంలో దిగి ఓడల నిండా గుడ్డలు పట్టుకుపోయారని భీమశంకరం ఎక్కడో విన్నాడు. ఓ దర్జీగా అతనికి ఆ కోపం ఉండనే ఉంది. ఇప్పుడు ఈ వలందులవాడు, అదే డచ్చివాడు, మళ్ళీ వచ్చి అత్తగారిని పట్టుకుపోయాడు.

అత్తగారు పేరిందేవమ్మ రామారావుపేటలో ఉంటుంది. పదేళ్ళు భీమశంకరం ఆ ఇంటికి ఏకైక అల్లుడు. ఆవిడ పట్టుచీర జాకెట్లన్నీ కూలి పుచ్చుకోకుండా కుట్టాడు. అయినా ఆవిడకి అతను 'అల్లుడు గారు' మాత్రమే. హెండ్రిక్ వచ్చిన నెలలోపే ఆవిడకి ఆ పేరు నోరు తిరక్క 'ఇంద్రబాబు' అని పిలవడం మొదలెట్టింది. పదకొండేళ్ళ సర్వీసులో తనకి కనీసం వాయుదేవుడి హోదా కూడా రాలేదు, వీడు చేరడమే ఇంద్రుడిగా చేరాడని భీమశంకరం వాపోయాడు. ఇంద్రబాబు కూర్చుంటే విరిగిపోతుందని ఆవిడ కొత్త కుర్చీ కొంది. ఇంద్రబాబుకి తల తగులుతుందని వంటింటి గుమ్మం పైభాగం కొట్టించింది. అదే గుమ్మం కింది గడప భీమశంకరం కాలికి పదకొండేళ్ళుగా తగులుతోంది. దాన్ని ఎవరూ కొట్టించలేదు.

కుళ్ళుకి కొలత ఉంటే దానికి కూడా రెండు టేపులు కావలసి వచ్చేవి.

వియ్యం కలిపిన రెండు నెలలకి అద్భుతం జరిగింది. భీమశంకరం రక్తంలో కొవ్వు మూడువందల పది నుంచి నూటఅరవైకి దిగింది. నడుము ఎనభైతొమ్మిదికి వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం పోయింది. ఆ రోజు ఇంటికెళ్ళి చెప్పగానే మాణిక్యం వంటింట్లోకి వెళ్ళిపోయి చాలాసేపటి దాకా రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఉల్లిపాయలంది. ఆ పూట కూర బీరకాయ.

ఆ రోజు నుంచి భీమశంకరానికి తన వియ్యంకుడంటే భక్తి పుట్టుకొచ్చింది. అతను తప్పకుండా రంపచోడవరం కొండల మీద తేనె పట్టే మనిషై ఉంటాడని తీర్మానించుకున్నాడు. ఎప్పుడూ నడిచేవాడు, ఎవరి మీదా కుళ్ళనివాడు. రోజూ ఉదయం పడమటి వైపు తిరిగి, ఎవడివో గానీ నువ్వు చల్లగా ఉండాలి నాయనా అని దణ్ణం పెట్టేవాడు. ఆ దణ్ణం అవగానే, అదే నోటితో, హెండ్రిక్ గాడి సైకిలు పంక్చరవ్వాలని కోరుకునేవాడు. హెండ్రిక్ రోజూ తెల్లారగట్ల పద్నాలుగు కిలోమీటర్లు సైకిలు తొక్కి ఉప్పాడ రోడ్డు మీదుగా పోర్టుకి వెళ్ళేవాడు. అదీ అతనికి నచ్చని విషయాల్లో ఒకటి.

ఆరోగ్యం బాగుపడ్డవాడికి వచ్చే మొదటి జబ్బు ధైర్యం. ఎలాగూ ఒంటికి అంటడం లేదు కదాని భీమశంకరం సాయంత్రం నాలుగింటికి కొట్టు దగ్గరకి రెండు కాజాలు తెప్పించుకున్నాడు. ఏమీ కాలేదు. మర్నాడు నాలుగు తెప్పించాడు. మూడో వారానికి లెక్క పదికి చేరింది. తినేటప్పుడు కొండ మీద వియ్యంకుణ్ణి తలుచుకుని, ఇది నీ పేరు మీద అనుకునేవాడు. నిజానికి ఆ మాట అతను అనుకున్నదానికన్నా నిజం.

ఈలోగా రెండో అద్భుతం జరిగింది. హెండ్రిక్ నడుము పెరగడం మొదలెట్టింది. ఒకసారి తొంభైనాలుగు, తరవాత తొంభైఆరు, ఆ పైన తొంభైఏడు. ఎర్రగీత దాటిన రోజున భీమశంకరం మూడుసార్లు కొలిచాడు, నమ్మకం కుదరక కాదు, బావుందని. 'ప్రమాదం' అన్న మాటని పెళ్ళి శుభలేఖ మీద పేరు రాసినంత అందంగా రాశాడు. హెండ్రిక్ చొక్కా దించుకుంటూ, పొద్దున్నే లేస్తే తల బరువుగా ఉంటోందనీ, సైకిలు తొక్కుతుంటే మునుపెప్పుడూ లేని ఆయాసం వస్తోందనీ, బీపీ మాత్ర మొదలెట్టారనీ చెప్పాడు. భీమశంకరం అయ్యో అన్నాడు. ఆ సాయంత్రం సంతోషం పట్టలేక పదిహేను కాజాలు తిన్నాడు. ఆ వారం హెండ్రిక్ నడుము మరో సెంటీమీటరు పెరిగింది.

డాక్టర్ శమంతకమణి అందర్నీ కూర్చోబెట్టి హెచ్చరించింది. అరువిచ్చేవాళ్ళలో ఒకరి కాలేయం, తిండి సరిగ్గానే తింటున్నా, కొవ్వు పడుతోందట. అంటే అవతలి వియ్యంకుడెవరో చాటుగా మేస్తున్నాడన్నమాట. ఎవరో వాళ్ళే వచ్చి చెప్పమంది. భీమశంకరం ముందు వరసలో కూర్చుని, ఇలాంటివాళ్ళ వల్లే దేశం ఇలా ఉందని తల ఆడించాడు. తను అలాంటివాడన్న ఆలోచన అతనికి రాలేదు. తనది కొండమనిషి. కొండమనిషికి కాజాలొక లెక్కా?

అలా ఉండగా అధికమాసం వచ్చింది.

రెండున్నరేళ్ళకో మాటు వచ్చే ఆ నెలలో, అల్లుణ్ణి విష్ణుమూర్తిగా భావించి కంచుపళ్ళెంలో ముప్పైమూడు బూరెలు దానం ఇవ్వడం పేరిందేవమ్మ ఇంట్లో ఆచారం. భీమశంకరం పెళ్ళయిన కొత్తలో వచ్చిన అధికమాసంలో అతనూ విష్ణుమూర్తే. ముప్పైమూడింట్లో నాలుగు తిని మిగతావి వీధిలో పంచాడు. ఆ తరవాతి అధికమాసాల్లో పళ్ళెం పురోహితుడి ఇంటికి పోయింది. ఈసారి ఆవిడ ఫోను చేసి, ఇంద్రబాబుకి ఇస్తున్నాననీ, అల్లుడు గారు కూడా వచ్చి చేతి సాయం చెయ్యాలనీ చెప్పింది. మాజీ విష్ణుమూర్తి చేత కొత్త విష్ణుమూర్తికి వడ్డన చేయిస్తారన్నమాట.

భీమశంకరం ఆ రాత్రంతా పక్క మీద దొర్లాడు. తెల్లారేసరికి ముఖం ప్రశాంతంగా ఉంది. బూరెల దానం ఆదివారం, దాని మర్నాడు సోమవారం. హెండ్రిక్ రక్తం తీసే రోజు. ఈ ఆదివారం ముప్పైమూడు బూరెలూ వాడి పొట్టలో పడితే సోమవారం వచ్చే అంకెలు చూసి వాళ్ళ దేశమే వాణ్ణి వెనక్కి పిలిపించుకుంటుంది. తను మాత్రం పచ్చి మంచినీళ్ళు తాగుతాడు.

ఆదివారం మధ్యాహ్నం అరిటాకులు పరిచారు. భీమశంకరం భుజాన తువ్వాలు వేసుకుని బూరెల పళ్ళెం తనే అందుకున్నాడు. తనకి ఆకు వద్దన్నాడు, రెండు దోసకాయ ముక్కలు చాలన్నాడు. అల్లుడు గారికి ఈమధ్య బుద్ధొచ్చిందని పేరిందేవమ్మ మెచ్చుకుంది. పదకొండేళ్ళలో ఆవిడ మెచ్చుకోవడం అదే మొదలు.

హెండ్రిక్ తొలి బూరె చేత్తో పట్టుకుని చూశాడు. ల్యాబుకి ఫోను చెయ్యాలి గదా, విందు కదా అని హైమని అడిగాడు. భీమశంకరం కలగజేసుకుని, దేవుడి ప్రసాదం విందు కిందికి రాదనీ, డాక్టరుగారికి తను చెప్పుకుంటాననీ భరోసా ఇచ్చాడు. ఇచ్చి, బూరెకి వేలితో చిల్లు పెట్టి అందులో గరిటెడు నెయ్యి పోశాడు.

హెండ్రిక్‌ని అతని దేశం ఒక మాట నేర్పి పంపింది. వడ్డించింది వదిలెయ్యకూడదు, ఆకు ఖాళీ చెయ్యాలి. తూర్పుగోదావరి జిల్లా భీమశంకరానికి ఇంకో మాట నేర్పింది. అతిథి ఆకు ఖాళీగా ఉండకూడదు. ఈ రెండు ధర్మాల మధ్య పడ్డ మనిషి బతకడం కష్టం. హెండ్రిక్ ఖాళీ చేసిన కొద్దీ భీమశంకరం నింపాడు. అయిదు అయ్యాయి. తొమ్మిదయ్యాయి. పన్నెండో బూరె దగ్గర హెండ్రిక్ రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టాడు.

"ఆయ్, ఇంక సాలండి అన్నయ్యగారూ. కడుపు నిండిపోయిందండి."

"ముప్పైమూడూ తింటేనే అత్తగారికి పుణ్యం తమ్ముడూ. మధ్యలో ఆపితే ఆవిడకే దోషం. మరి నీ ఇష్టం," అన్నాడు భీమశంకరం, ఎంతో దిగులుగా.

ఇలాంటి శాస్త్రం ఎక్కడా లేదు. పేరిందేవమ్మకీ తెలుసు. కానీ అల్లుడు అంత భక్తిగా చెబుతుంటే ఎందుకు కాదనాలని ఊరుకుంది. హెండ్రిక్ అత్తగారి వైపు చూసి చేతులు తీసేశాడు.

పద్ధెనిమిదో బూరె దగ్గర భీమశంకరానికి చెమట పట్టింది. వంటింటి వేడి అనుకున్నాడు. ఇరవై రెండు దగ్గర అతనికి తేన్పు వచ్చింది. అది యాలకుల తేన్పు. రెండు దోసకాయ ముక్కలు తిన్నవాడికి యాలకుల తేన్పు ఎందుకొచ్చిందో ఆలోచించే తీరిక అతనికి లేదు. విజయం పదకొండు బూరెల దూరంలో ఉంది. ఇరవై ఏడో బూరెకి చిల్లు పెడుతుండగా ఎవరో గుండెల మీద కుట్టుమిషను పెట్టి తొక్కుతున్నట్టయింది. ఎడమ చెయ్యి బరువెక్కింది. నేతిగిన్నె జారి హెండ్రిక్ ఒళ్ళో పడింది.

భీమశంకరం కిందకి ఒరుగుతూ చూసిన ఆఖరి దృశ్యం, మొహం ఎర్రగా కంది, ఊపిరి ఎగబోస్తూ కూడా లేచి తనని రెండు చేతులమీదా ఎత్తుకుంటున్న హెండ్రిక్. ఆ స్థితిలో కూడా అతనికి, ఎంత తేలిగ్గా ఎత్తాడు వెధవ, అనిపించింది.

కళ్ళు తెరిచేసరికి పరిశోధనాలయం వారి ఆస్పత్రి గదిలో ఉన్నాడు. పక్క మంచం మీద హెండ్రిక్, చేతికి సెలైను. మధ్యలో మాణిక్యం, హైమ, పేరిందేవమ్మ నిలబడి ఉన్నారు. డాక్టర్ శమంతకమణి చేతిలో, ఎన్నడూ తెరవకూడని జాబితా తెరిచి ఉంది. రెండు కడియాలూ ఒకే నిమిషంలో కేకలు పెడితే ఆవిడ తెరవక తప్పలేదు.

ఆవిడ కేకలెయ్యలేదు. అంతకన్నా అన్యాయం చేసింది, నెమ్మదిగా చెప్పింది. భీమశంకరం వియ్యంకుడు కొండల్లో లేడు. ఆరు నెలలుగా అతని కొవ్వు కరిగించింది ఉప్పాడ రోడ్డు మీద తొక్కిన సైకిలు. ఇవాళ హెండ్రిక్ తిన్న ఇరవై ఆరింట్లో పదమూడు బూరెల పని భీమశంకరం ఒంటి మీద పడింది. అతని గుండె నాళం ఒకటి ఎప్పుడో ముప్పాతిక పూడుకుపోయి ఉంది, ఆ బరువు మొయ్యలేకపోయింది. తరవాత ఆవిడ తెర మీద హెండ్రిక్ రక్తం గీతలు చూపించింది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఒక కొండ లేస్తోంది.

"ఆయన ఆ టైములో ఓడ మీద ఉంటారు. టీ కూడా చక్కెర లేకుండా తాగుతారు. మరి నాలుగింటికి ఎవరు తింటున్నారో నాకు తెలీదు," అంది డాక్టరు. అని, ఎటూ చూడలేదు.

చూడాల్సినవాళ్ళు చూశారు. ఆ కొట్టుకి రోజూ కాజాల పొట్లం పోతుందని జగన్నాథపురంలో ఈగలక్కూడా తెలుసు. భీమశంకరం సీలింగు ఫ్యానుని పరీక్షగా చూడసాగాడు. తను కొలిచి కొలిచి మురిసిపోయిన ఆ తొంభైఎనిమిది సెంటీమీటర్లలో మొదటి తొంభైమూడే హెండ్రిక్‌వి. మిగతావి తనవి.

అసలు మాట అప్పుడొచ్చింది. జాబితా బయటపడింది కాబట్టి ఈ వియ్యం ఇక గుట్టు కాదు. ఉంచాలా తెంచాలా అన్నది ఒప్పందం ప్రకారం అరువిచ్చేవాడి ఇష్టం. ఉంచితే భీమశంకరం తన ఇంటి ఆనవాయితీ దాటి అరవై, అరవై అయిదు దాకా బతకొచ్చు. హెండ్రిక్‌కి మాత్రం కాకినాడ దర్జీ కొడుకు గుండె ముప్పు వస్తుంది. అతని తండ్రి డెబ్బైతొమ్మిదేళ్ళ వయసులో ఇప్పటికీ కాలవలో ఈదుతున్నాడు. కొడుకు అక్కడిదాకా వెళ్ళడం కష్టం. తెంచితే ఎవరి గుండె వారిది. ఒకసారి తెంచిన వియ్యం మళ్ళీ కలవదు.

హెండ్రిక్ ఆలోచించడానికి తీసుకున్న సమయం, సూదిలోకి దారం ఎక్కించేంత కూడా లేదు.

"ఉంచీండి డాక్టరుగారూ. నాకు సానా ఉందండి. అన్నయ్యగారికి లేదు గదండి," అన్నాడు.

పేరిందేవమ్మ ఏడ్చేసింది. ఏ తల్లి కన్నదో అని చేతులు జోడించింది. మాణిక్యం మంచం పట్టీ పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ మొహంలో రెండేళ్ళుగా లేని వెలుగు ఒకటి వచ్చి, వచ్చినందుకు సిగ్గుపడి తల దించుకుంది.

భీమశంకరానికి ఒళ్ళు మండిపోయింది. పొట్టలో గెలిచాడు, అత్తగారి దగ్గర గెలిచాడు, సరే. ఇప్పుడు మంచితనంలో కూడా వీడే గెలవాలా? ఏదైనా దెప్పుదామని తల తిప్పాడు. తిప్పగానే హైమ కనిపించింది.

హైమకి నాలుగో నెల. మొగుడి మాటకి ఆమె అడ్డు చెప్పలేదు. బావగారికి బతుకు అక్కర్లేదని ఏ నోటితో అంటుంది? హెండ్రిక్ మంచం పక్కన నిలబడి ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, పెదాలు కదుపుతోంది. ఏదో లెక్క. హెండ్రిక్‌కి ఇప్పుడెన్నేళ్ళు, పుట్టబోయేవాళ్ళకి పదేళ్ళు వచ్చేసరికి ఎన్ని, ఇరవై వచ్చేసరికి ఎన్ని. ఆ పెదాలు అలా కదలడం భీమశంకరం తన ఇంట్లో, కేలండరు ముందు, రెండేళ్ళుగా చూస్తున్నాడు. అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకే కుట్టు.

భీమశంకరం గొంతు సవరించుకుని, వీలైనంత చిరాగ్గా మొదలెట్టాడు.

"తీసీండి డాక్టరుగారూ. ఈయనెవరో బూరెలు మెక్కితే నా గుండె పట్టేయడమేంటండి? రేపు పెళ్ళిళ్ళ సీజనొస్తది. ఈయన పందెం కట్టి తింటాడు, నేను పోతాను. ఇచ్చేవాడి ఇష్టమేనా, పుచ్చుకునేవాడికి నోరు లేదా? నాకీ వియ్యం వొద్దు."

గదిలో ఒక్కసారిగా గోల లేచింది. ప్రాణం పోస్తానన్నవాణ్ణి పట్టుకుని ఇలా అంటారా అని పేరిందేవమ్మ మండిపడింది. పదకొండేళ్ళ నించి చూస్తున్నాను, ఆ కళ్ళలో నిప్పులు ఆరవు, అంది. అది నిజమే కాబట్టి భీమశంకరం కాదనలేదు. హెండ్రిక్ తను ఇంక బూరెలు తిననని మొహం చిన్నబుచ్చుకుని ప్రమాణం చెయ్యబోయాడు. డాక్టరు మాత్రం భీమశంకరాన్ని చాలాసేపు చూసింది. అతను కొలతలప్పుడు జనం వైపు చూసే చూపు లాంటిదే అది, ఊపిరి ఎక్కడ బిగబట్టారో వెతికే చూపు. తీశాక మందులూ, నడకా, నోరు కట్టుకోవడమూ తప్ప ఇంకేమీ సాయం రావనీ, వాటితో కూడా మాట ఇవ్వలేననీ చెప్పింది.

"తెలుసండి," అన్నాడు.

మర్నాడు ఉదయం మెంతిగింజంత ముద్దలు రెండూ తీసేశారు. సాయంత్రానికి ఇద్దరి మంచాల మధ్యా తెర కట్టారు. తెర అవతల పేరిందేవమ్మ ఇంద్రబాబుకి చెంచాతో జావ తాగిస్తూ, నొచ్చుకోకు నాయనా, కొందరి బుద్ధులంతే అని ఓదారుస్తోంది. తెర ఇవతల జావ గ్లాసు బల్ల మీద చల్లారిపోతోంది. భీమశంకరం రెండు గ్లాసుల్లో ఏది పెద్దదో తెర సందులోంచి చూసే ప్రయత్నంలో ఉండగా మాణిక్యం స్టూలు దగ్గరికి జరుపుకుంది.

చాలా చిన్న గొంతుతో అడిగింది.

"హైమని చూసే గదా తీసెయ్యమన్నారు?"

"అదేం కాదే. వాడిచ్చిన ఏళ్ళు తిని బతికితే రోజూ లేవగానే వాడికి దణ్ణం పెట్టాలి. నావల్లయ్యే పనేనా అది?"

మాణిక్యం ఆ మాట నమ్మింది. అందులో సగానికి పైగా నిజం ఉందని ఆవిడకి తెలుసు. మిగతా సగం కూడా తెలుసు. నాకొక్క మాట చెప్పాల్సింది, అంది. నా లెక్క ఏమయ్యేట్టు మరి, అని అడిగింది.

భీమశంకరం గ్లాసందుకుని జావ తాగాడు. ఉప్పు లేదు, నెయ్యి లేదు, మిరియం లేదు. మొహం అష్టవంకర్లు పెట్టుకుని ఆఖరి చుక్క దాకా తాగాడు. రేపటి నుంచి అన్నం సగమే పెట్టమన్నాడు. కాజాల కొట్టువాడికి కబురు పంపమన్నాడు. తెల్లారగట్ల లేపమన్నాడు, నడవాలట.

"ఎంత దూరం నడవాలన్నారు డాక్టరుగారు?" అంది మాణిక్యం కళ్ళు తుడుచుకుంటూ.

తెర అవతల హెండ్రిక్ దేనికో పెద్దగా నవ్వాడు. పేరిందేవమ్మ కూడా నవ్వింది. భీమశంకరం ఆ నవ్వు పూర్తయ్యేదాకా పళ్ళు కొరుకుతూ విన్నాడు.

"వాళ్ళ నాన్న డెబ్బైతొమ్మిదికి ఈదుతున్నాడంటే వీడు ఎనభై దాటతాడే," అన్నాడు. "వాడికన్నా ఒక్కరోజు ఎక్కువ బతకాలంటే ఎంత నడవాలో, అంతా నడుస్తాను."